నాలుగు వేళ్ళ వాలు

ఎనిమిదడుగులు ఇటు, పదడుగులు అటు. ఇంతే నేల. పెరట్లో చెక్క గది ఒకటి నిలబెట్టడానికి ఇంత నేలని చదును చెయ్యాలంటే ఎంతసేపు పడుతుందో నాకు సరిగ్గా తెలియదు కాని, ఒక్క మాట చెప్పడానికి పదకొండేళ్ళు చాలలేదని మాత్రం తెలుసు. ఇప్పుడు ఎనిమిదీ అయిదు. తొమ్మిదింటికి తమ్ముడు వస్తాడు. అంటే యాభై అయిదు నిమిషాలు, ఎనభై చదరపు అడుగులు, ఒక్క మాట. ముప్ఫై ఏళ్ళుగా అచ్చాఫీసులో కూర్చుని పరాయివాళ్ళ పుస్తకాల్లో పారాలు దిద్దినవాణ్ణి, ఇవాళ పార పట్టాను. పారాకి దీర్ఘం కత్తిరిస్తే పార. అదిగో, మొదలైంది. గడియారం తరుముతున్నా నోరు మాత్రం తీరిగ్గా దీర్ఘాలు కత్తిరించుకుంటూ కూర్చుంటుంది. ఈ నోటికీ నాకూ ఎప్పుడూ పొత్తు కుదరలేదు. గడ్డి చెక్కుతున్నాను. పైపొర గడ్డి చాప చుట్టినట్టు చుట్టుకుని వస్తోంది, కింద మట్టి నల్లగా, చల్లగా, ఇంతవరకూ ఎవరూ చూడనట్టు సిగ్గుపడుతూ బయటపడుతోంది. చెక్కితే చెక్క గది వస్తుంది, చెక్కేస్తే... చెక్కేస్తే బాగుండును. ఏదో పని ఉందని చెప్పి గేటు దాటి చెక్కేస్తే, తమ్ముడు వచ్చి, చెక్కలు బిగించి, వదిన ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోతాడు. సాయంత్రం కూడా గడిచిపోతుంది. ఆ తర్వాత చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

"ఏమండీ, ఎవరితో ఆ మాటలు?" అని వంటింటి కిటికీలోంచి మా ఆవిడ.

"మట్టితో! ఈ ఇంట్లో నాకు ఎదురు చెప్పనిది అదొక్కటే!"

"మధ్యాహ్నానికి చెక్కల వ్యాను వచ్చేస్తుంది. నోరు కాదు, చెయ్యి ఆడించండి."

ఆవిడ నవ్వింది. నవ్వితే నాకు ధైర్యం వస్తుంది, అదే నా జబ్బు. ఎవరో ఒకరు నవ్వాలి. నవ్వకపోతే గదిలో గాలి ఆడనట్టుంటుంది. అచ్చాఫీసులో కంపోజింగు చేసే కుర్రవాళ్ళు, టీ తెచ్చే ముసలాయన, ఎవరైనా సరే. తప్పుల్ని ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి చూపించడం నా వృత్తి, తప్పుల మీద జోకులు వెయ్యడం ప్రవృత్తి. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని తప్పులు చూపించి ఉంటాను? లక్ష? అన్నీ పరాయివాళ్ళవే. 'నువ్వు' అని ఉండాల్సిన చోట ఒకసారి ఒక పుస్తకం మొత్తం 'నవ్వు' అని పడింది. 'నవ్వు లేనిదే నేను లేను', 'నవ్వు నన్ను వదిలి వెళ్ళకు'. ప్రేమ నవల అది. ఒక్క కొమ్ము రాలిపోయింది, మనిషి పోయి నవ్వు మిగిలింది. ఆ కథ చెప్పి చాలామందిని నవ్వించాను. తమ్ముడి విషయంలో నేను చేసింది సరిగ్గా అదే కదా అని, ఇదిగో, ఇప్పుడు గడ్డి చెక్కుతూ ఉంటే తోస్తోంది. వాడిలోంచి వాణ్ణి తీసేసి, నవ్వు మిగుల్చుకున్నాను.

మెట్ల కింద కుండీలు, పలుగులు, పాత బకెట్లు, తెగిన గొట్టాలు అన్నీ దొర్లుతున్నాయని, వాటికొక గది కావాలని మా ఆవిడ రెండేళ్ళుగా అంటోంది. చెక్క గదిని విడిభాగాలుగా చేసి అమ్ముతున్నారు, తెచ్చి బిగించుకోవడమే. నేల చదును చెయ్యడానికి ఎవరైనా మేస్త్రీని పిలుద్దామన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఇంట్లో అంత పనిమంతుడు ఉండగా బయటివాళ్ళెందుకండీ?" అని తానే ఫోను చేసి మరిదిని పిలిచింది. ఆవిడకి తెలియదు. ఎవరికీ తెలియదు. తమ్ముడు, "వస్తాను వదినా. కాని మట్టం మాత్రం అన్నయ్యనే చూసుకోమను. నేను చెక్కలు బిగిస్తాను, అంతే. మట్టం చూడను," అన్నాడట. వాడు మట్టం చూడడు! పక్షి రెక్క విప్పను అన్నట్టు లేదూ? నా మట్టుకు నాకు మట్టికీ మట్టానికీ తేడా తెలియదని నాన్న అనేవాడు. అలాంటి నన్ను మట్టం చూడమని, నాన్న కన్ను పుణికిపుచ్చుకుని పుట్టినవాడు అంటున్నాడు.

వేరు తగిలింది. పార ఠంగుమనలేదు, మెత్తగా ఆగింది. పక్కింటి చెట్టుదే అయి ఉంటుంది, గోడ కిందనుంచి వచ్చి ఎక్కడ నీళ్ళున్నాయో వెతుక్కుంటూ పోతోంది. దీన్ని వదిలేస్తే రెండేళ్ళలో నేలంతా లేపేస్తుంది. వేరు తెగితే గాని నేల చదును కాదు. వేరు తెగితే వేరుపడ్డట్టే. మేమిద్దరం ఎప్పుడూ వేరుపడలేదు, చిత్రంగా. ఇళ్ళు వేరు, అంతే. పండక్కీ పబ్బానికీ అనే లెక్క లేకుండా వాడొస్తాడు, నేను వెళ్తాను, వాడి కూతురు నా మెడ పట్టుకు వేలాడుతుంది. ఒక్క మాట మింగి ఉంచాను కాబట్టే ఇదంతా ఇలా నిలబడిందని, ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మింగినదాని మీద నిలబడింది కాబట్టి ఎంత వాలిందో నాకు తెలియలేదు. గొడ్డలి ఎక్కడ? లోపలుంది. పలుగుతోనే పొడుస్తున్నాను. తెగదు. పొడిచినకొద్దీ పీచులు పీచులుగా తెల్లగా విచ్చుకుంటోంది, లోపల తడి. చివరికి తెగింది.

ఎనిమిదీ ఇరవై. నాలుగు మూలలా నాలుగు కొయ్య మేకులు. మా నాన్న మేకుని కొట్టే ముందు దాని మొన ఒకసారి నాలుక్కి తాకించి చూసేవాడు, ఎందుకో అడిగితే, "అదృష్టం," అనేవాడు. నాన్న వడ్రంగి. మాటలు తక్కువ, మేకులు ఎక్కువ. సాయంత్రం పని అయ్యాక ఆట ఒకటి ఆడించేవాడు. రెండు ఇటుకల మీద పలక ఒకటి పెట్టి, ఒక ఇటుక కింద కాగితాలు దూర్చి, "ఎటు వాలింది రా?" అనేవాడు. నాకు పదమూడు, తమ్ముడికి ఆరు. నేను చూసి చూసి, "ఎడమ," అనేవాణ్ణి. తమ్ముడు నేల మీద బోర్లా పడుకుని, పలక చివర చెంప ఆనించి, ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. "కుడి. నాలుగు కాగితాలు." నాన్న ఇటుక ఎత్తి కాగితాలు తీసి లెక్కపెట్టేవాడు. నాలుగు. ప్రతిసారీ. ఒక్కసారంటే ఒక్కసారి వాడు తప్పు చెప్పలేదు, ఒక్కసారంటే ఒక్కసారి నేను ఒప్పు చెప్పలేదు. నాన్న నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "సరే, నువ్వు చదువుకో," అనేవాడు మెల్లగా. వాడికి చదును, నాకు చదువు. ఇది నా మొదటి జోకు, పదమూడేళ్ళప్పుడు, నాన్న ముందే వేశాను. నాన్న పకాలున నవ్వాడు. అంతవరకూ నాన్నని నవ్వించినవాడు లేడు. ఆ రోజునుంచీ నాకు తెలిసిపోయింది, కన్ను లేనివాడికి నోరు ఉంటే చాలునని.

దారం కట్టాలి. మేకునుంచి మేకుకి, బిగువుగా. తర్వాత కర్ణాలు కొలవాలి. ఈ మూలనుంచి ఆ మూలకి ఒకటి, అడ్డంగా రెండోది, రెండూ సమానంగా వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టు. టేపు చివర రాయి పెట్టి, ఒక్కణ్ణే అటూ ఇటూ పరిగెడుతున్నాను. మొదటిది పన్నెండడుగుల పది అంగుళాలు. రెండోది పదమూడడుగుల రెండు. ఒక కర్ణం పొడుగు, ఒక కర్ణం పొట్టి. నా చెవులూ అంతే, పొగిడేది పొడుగు చెవితో వింటాను. మూడో మేకు పీకి, రెండంగుళాలు జరిపి, మళ్ళీ కొట్టి, మళ్ళీ కొలిచి. ఇప్పుడు దగ్గరికొచ్చింది. చెమట కళ్ళలోకి కారుతోంది. చెమటే.

"బావగారూ, మీరన్నా చెప్పండి," అంది మరదలు నిన్న ఫోనులో, గొంతు తగ్గించి, బాత్‌రూములోంచి మాట్లాడుతున్నట్టుంది, వెనక కుళాయి కారుతున్న చప్పుడు. కొత్తగా తెరిచిన శిక్షణ కేంద్రంలో వడ్రంగం నేర్పడానికి మాస్టారు కావాలట. ఎవరో పాత రంపపుమిల్లు మిత్రుడు తమ్ముడి పేరు చెప్పాడట. వాళ్ళు వచ్చి అడిగారు. "రేపు సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. ఈయనేమో కాదనే అంటున్నారు. 'కన్ను వంకరగాడు పిల్లలకేం నేర్పుతాడు?' అంటున్నారండీ. మీ మాటైతే వింటారు." నా మాటైతే వింటాడు. అక్కడే వచ్చింది చిక్కు. నా మాటే విన్నాడు.

వాడిప్పుడు బస్సు డిపో సామాన్ల గదిలో పని చేస్తున్నాడు. ఒక చిన్న కిటికీ, దానికి ఊచలు, వెనక తమ్ముడు. మెకానిక్కులు వచ్చి చీటీ ఇస్తారు, వీడు లోపలికి వెళ్ళి నట్టో బోల్టో తెచ్చి ఇస్తాడు. ఒకసారి నేను వెళ్ళినప్పుడు, ఒక కుర్ర మెకానిక్కు బల్ల మీద పెట్టిన నట్టు దానంతటదే మెల్లగా దొర్లి కింద పడింది. తమ్ముడు చూశాడు. బల్ల వాలి ఉంది. ఎవరైనా చూడగలిగినంత వాలు. వాడి చెయ్యి బల్ల అంచు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చేసింది. ఒక కాగితం ముక్క మడిచి కాలు కింద దూర్చితే అయిపోయేదానికి, పదకొండేళ్ళుగా ఆ బల్లని అలాగే వదిలేశాడు. నేనేం చేశాను? "ఏమిరా, నీ బల్లకీ నీ పేరే పెట్టారా?" అన్నాను. కిటికీ ఇవతలివాళ్ళంతా నవ్వారు. కిటికీ అవతలివాడు కూడా నవ్వాడు.

పేరు. పేరు కూడా నేను పెట్టిందే. ఏటవాలు. 'ఏటవాలు గారొచ్చారు, గ్లాసులు జాగ్రత్త!' పదకొండేళ్ళుగా ఎక్కడ నలుగురు చేరినా ఆ కథ నాచేత చెప్పిస్తారు. మా తమ్ముడు కట్టిన షెడ్డులో టీ గ్లాసు ఇక్కడ పెడితే అక్కడికి వెళ్ళి మనల్ని పిలిచేదని, లోపలికి వెళ్ళడం సులువు, రావడానికి ఎక్కాలని, ఒక పక్కకి ఒరిగి నడిచి చూపిస్తాను. మాటలకి ఎంత చిత్రిక పట్టానంటే ఎక్కడా ఒక్క పేడు గుచ్చుకోదు. వినేవాడికి. పోయిన నెలలో చెప్పినప్పుడు తమ్ముడు గోడ పక్కన కూర్చుని నవ్వుతున్నాడు, టీ గ్లాసుని రెండు చేతులతోనూ పట్టుకుని. రెండు చేతులతో ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు తట్టలేదు. అందరూ వెళ్ళిపోయాక వాడి కూతురు నా చొక్కా లాగి, "పెదనాన్నా, మా నాన్న కళ్ళు నిజంగానే వంకరా?" అంది. పదేళ్ళ పిల్ల. నవ్వుతూ అడగలేదు. నా నోట్లో అప్పటికే మూడు జవాబులు తయారుగా ఉన్నాయి, మూడూ నవ్వించేవే. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ రాత్రినుంచీ అన్నం సయించడం లేదు. నా ముఖం చూసి మా ఆవిడ కడుపులో మంటకి మందు తెచ్చింది. కడుపులోదే, మంట కూడా నిజమే, మందే వేరు.

ఎనిమిదీ ముప్ఫై అయిదు. దిమ్మిస వేస్తున్నాను. ఎత్తి, దించి, ఎత్తి, దించి. దిమ్మిస వేస్తుంటే దిమ్మ తిరుగుతోంది. యాభై రెండేళ్ళ ఒళ్ళు. వదులు మట్టి కుదురుకుంటోంది, ఒక్కో దెబ్బకి వెంట్రుకవాసి కిందికి. ఎక్కడ గుల్లగా ఉందో చప్పుడే చెబుతుంది, గట్టి చోట ధన్ అంటుంది, గుల్ల చోట బొద్ అంటుంది. దీని మీద కంకర, కంకర మీద పలకరాళ్ళు, వాటి మీద చెక్క. నేల వాలితే అన్నీ వాలతాయి, పైన ఎంత పనితనం ఉన్నా. తమ్ముడి షెడ్డు ఎంత పనితనం! పలకకీ పలకకీ మధ్య గోరు దూరేది కాదు. రంపపుమిల్లులో ఉద్యోగం మానేసి, సొంతంగా కుర్చీలూ బల్లలూ చేస్తానని, నాన్న పోయిన రెండో ఏడు మొదలుపెట్టాడు. ఇరవై అడుగుల పొడవు. నేల మట్టం చూడటానికి ఇద్దరు కావాలి కాబట్టి నన్ను పిలిచాడు. ఇద్దరు. ఒక్కడితో కాదు ఆ పని, లేదా ఒక్కడితో కష్టం. అందుకే నాన్న మమ్మల్ని ఇద్దర్నీ కన్నాడని జోకు వేశాను, ఆ రోజే.

గొట్టం. బకెట్లో చుట్ట చుట్టుకుని ఉంది. మేస్త్రీలు లెవెల్ ట్యూబు అంటారు, నాన్న నీళ్ళగొట్టం అనేవాడు. బొటనవేలంత లావు, లోపలి నీళ్ళు బయటికి కనపడతాయి, వయసుకి పసుపెక్కింది. షెడ్డు కూలగొట్టిన రోజున తమ్ముడు తెచ్చి నా చేతికిచ్చాడు. "నీ దగ్గరుండనీ అన్నయ్యా. నాకెందుకింక?" పదకొండేళ్ళు అటక మీద ఉంది. పొద్దున దింపి, కడిగి, నీళ్ళు పట్టి, నీళ్ళు బాగా కనపడాలని నా ఎర్ర సిరా పది చుక్కలు వేశాను. నాన్న నీలం వేసేవాడు. సంగతి చాలా తేలిక. గొట్టం రెండు చివరలూ రెండు మేకుల దగ్గర ఎత్తి పట్టుకుంటే, నీళ్ళు రెండు చోట్లా ఒకే ఎత్తులో నిలబడతాయి, మధ్యలో గుట్టలున్నా గుంటలున్నా. అక్కడ గీత గీస్తే అదే మట్టం. మోసుకుని తిరిగేటప్పుడు ఒలికిపోకుండా చివరల్ని బొటనవేలితో మూసుకోవాలి. చూసేటప్పుడు తియ్యాలి. మూసిన చివర గాలి ఆడక నీళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోతాయి, రెండో చివర అబద్ధం చెబుతుంది. ఇంతే శాస్త్రం. నాన్న మాకు వందసార్లు చెప్పాడు. "వేలు తియ్యి, తర్వాత చూడు." ఆరేళ్ళ తమ్ముడికి ఒక్కసారే చెప్పాడు.

ఆ రోజు రంపపుమిల్లు మిత్రులు నలుగురు సాయం వచ్చారు. నలుగురంటే నాకు సభ. నేను మొదటి మేకు దగ్గర గొట్టం పట్టుకుని నిలబడ్డాను, కదలక్కర్లేదు, పట్టుకుంటే చాలు. తమ్ముడు రెండో చివర పట్టుకుని మేకు మేకుకీ తిరిగి గీతలు గీస్తున్నాడు. దగ్గరివి అయ్యాయి. అవతలి మేకులకి వెళ్ళేటప్పుడు ఇద్దరం వేళ్ళతో మూశాం. నేనొక కథ ఎత్తుకున్నాను, ఏ కథో కూడా గుర్తు లేదు, ఇంత చేసిన కథ గుర్తు లేదు. కథలో ఎక్కడా ఆగలేదు, వేలూ తియ్యలేదు. "తీశావా అన్నయ్యా?" అని వాడు దూరంనుంచి అరిస్తే, "ఊఁ" అన్నాను. గీతలు గీశాడు. వచ్చాడు. నేల మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి, ఒక కన్ను మూసి దారాన్ని చూశాడు. లేచి, చెంపకి మట్టితోనే, "అవతలి వైపు వాలుగా ఉన్నట్టుంది అన్నయ్యా. నాలుగు వేళ్ళు," అన్నాడు.

అప్పుడు నేను నా బొటనవేలు చూసుకున్నాను. దాని మీద గుండ్రంగా, లోతుగా, గొట్టం అంచు అచ్చు. ముద్ర వేసినట్టు. ఎంతసేపు నొక్కి పట్టుకుంటే పడుతుందా గుర్తు? తెలిసిపోయింది. అన్నిట్లో వేలు పెడతావని నాన్న అనేవాడు, చివరికి నిజంగానే పెట్టాను. మళ్ళీ మొదటినుంచి కొలవాలి, భోజనాల వేళ అయింది, అవన్నీ నేను తర్వాత నాకు చెప్పుకున్న సాకులు. ఇవాళ, ఈ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరూ నవ్వేవాళ్ళు లేనప్పుడు, అసలుది చెప్పుకోనీ. ఆ ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. వాడు చెప్పింది నిజమని నాకు తెలుసు, వాడికి తెలియదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఎటు వాలిందో నాకు తెలిసింది, వాడి కన్ను ఓడిపోవడం నా చేతిలో ఉంది, నా వేలి కింద ఉంది. "నీళ్ళకన్నా నీ కళ్ళెక్కువా? నీళ్ళకి నిలకడ ఉంటుంది రా, నీకే లేదు!" అన్నాను. నలుగురూ పడీ పడీ నవ్వారు. తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత వాడూ నవ్వాడు. "నిజమే, నీళ్ళు అబద్ధం చెప్పవు," అన్నాడు. అన్నాడు కాబట్టి ఆ గీతల ప్రకారమే నేల పరిచాడు.

మొదటి వానాకాలం నీళ్ళన్నీ అవతలి వైపుకి చేరాయి. కలప దొంతర అక్కడే. అడుగు గుంజలు నానాయి, ఒరిగాయి, తలుపు దానంతటదే తెరుచుకునేది. చేసిన పది కుర్చీలు ఉబ్బి పగిలాయి. రెండో వానాకాలం రాకముందే కూలగొట్టేశాడు. కూలగొట్టాక ఒక్కడే కూర్చుని మళ్ళీ కొలిచాడట. నాలుగు వేళ్ళు. "గీతలు నేనే తప్పు గీశాను అన్నయ్యా," అన్నాడు. "పైగా కన్ను వద్దంటూనే ఉంది. ఏది నమ్మాలో తెలియనివాడు ఈ పనికి పనికిరాడు." ఏమన్నాను నేను? గొట్టం అందుకున్నాను. తప్పు నాది, తప్పుకున్నది వాడు. ఇదీ జోకే. చూడటానికి ఎంత నున్నగా ఉందో. దీన్ని కూడా కొట్టెయ్యాలి.

ఎనిమిదీ నలభై ఎనిమిది. నాలుగో మేకుని తమ్ముడనుకుని చెప్పి చూస్తున్నాను. 'ఒరేయ్, అప్పట్లో నేను కొంచెం వేలు పెట్టాను రా.' కొట్టెయ్. 'ఒరేయ్, నా మీద వేలెత్తి చూపించే అవకాశం నీకు రానివ్వలేదు.' కొట్టెయ్. 'చూడూ, మనిషన్నాక పొరపాట్లు.' ఛీ. ఇది పొరపాటు కాదు. పొరపాటు ఒక నిమిషం, తర్వాత పదకొండేళ్ళు ఎవరి పాటు? కొట్టెయ్. మేకు నన్ను చూస్తోంది. కొయ్యబొమ్మకి చెప్పలేనివాణ్ణి మనిషికి చెబుతానా? చెబితే ఏమవుతుంది? వాడు వెళ్ళిపోవచ్చు. మళ్ళీ రాకపోవచ్చు. ఆ పిల్ల ఇంక నా మెడ పట్టుకోకపోవచ్చు. చెప్పకపోతే ఏమవుతుంది? సాయంత్రం వాడు కాదంటాడు, ఊచల వెనక్కి వెళ్ళి నట్లు లెక్కపెట్టుకుంటాడు, నేను నవ్విస్తూ ఉంటాను. రెండోది ఎంత సుఖంగా ఉందో. నేల సిద్ధం చెయ్యమంటే చేశాను, గడ్డి చెక్కాను, వేరు కోశాను, దిమ్మిస వేశాను. మాటకి నేల సిద్ధం చెయ్యడం మాత్రం ఎవరు నేర్పారు నాకు?

గేటు చప్పుడు. అయిదు నిమిషాల ముందే. ఎప్పుడూ ముందే వస్తాడు.

"చెమటలు పట్టేశాయే అన్నయ్యా! నిజంగానే పని చేశావా, లేక ఎవరైనా చేస్తుంటే చూసి అలిసిపోయావా?"

తమ్ముడు. చేతిలో నాన్న పనిముట్ల సంచి. చెప్పులు గట్టు మీద విడిచి, దారాలు దాటి లోపలికి వచ్చి, పాదంతో నేల నొక్కి చూశాడు. నా జవాబు కోసం చూస్తున్నాడు, మేము ఎప్పుడూ ఇలాగే మొదలవుతాం, వాడొకటి అంటే నేను రెండంటాను. నేను పార గోడకి ఆనించాను. వాడు ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, బకెట్లో గొట్టం కేసి తిరిగాడు.

"ఎర్ర సిరా వేశావా? అచ్చాఫీసు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. సరే, నేను అటు చివర పట్టుకుంటాను. గీతలు నువ్వే చూసుకో. నేను చూడను, ముందే చెప్పాను వదినతో."

చివర బొటనవేలితో మూసి నా చేతికిచ్చాడు. నేనూ మూశాను. వాడు పదడుగులు నడిచి, అవతలి మేకు దగ్గర చతికిలబడ్డాడు, ముఖం పక్కకి తిప్పుకుని, గొట్టాన్ని కూడా చూడకుండా, గోడనీ చెట్టునీ చూస్తూ. నలభై అయిదేళ్ళ మనిషి. చెవుల పక్కన నెరిసింది. ఆ వైపు చెంప నాకు కనపడుతోంది. మట్టి లేని చెంప.

"వేలు తీశావా?" అన్నాడు, అటే చూస్తూ.

అలవాటు మాట. మట్టం చూసే ప్రతివాడూ అనే మాట. నా వేలు గొట్టం మీదే ఉంది. నా నోటిలోకి మూడు జోకులు ఒకేసారి వచ్చాయి, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ. మూడూ మంచివే.

"తియ్యలేదు," అన్నాను. "ఆ రోజు కూడా తియ్యలేదు రా. నీ షెడ్డుకి. అవతలి మేకులు రెండింటికీ వేలు తియ్యకుండానే ఊఁ అన్నాను. నువ్వు గీతలు సరిగ్గానే గీశావు."

వాడు తిరిగి చూడలేదు. గొట్టంలో ఎర్రనీళ్ళు సన్నగా ఊగుతున్నాయి.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అప్పుడే."

"అప్పుడే అంటే?"

"నువ్వు నాలుగు వేళ్ళు వాలు అన్నప్పుడే. బొటనవేలి మీద అచ్చు చూసుకున్నాను."

"నవ్వావు."

"నవ్వాను."

"అందర్నీ నవ్వించావు."

"ఊఁ."

వాడు లేచాడు. చేతిలోని గొట్టం చివర నేల మీద పడేశాడు. నీళ్ళు కొన్ని బుడబుడమంటూ వచ్చి, దిమ్మిస వేసిన మట్టి మీద పాకాయి, ఎర్రగా, ఒక తప్పు చుట్టూ సున్నా చుట్టబోయి ఆగినట్టు. గేటు వైపు నడిచాడు. గట్టు దగ్గర ఒక చెప్పు తొడుక్కున్నాడు. రెండో చెప్పు తొడుక్కోలేదు. ఎంతసేపు అలా ఒంటి చెప్పుతో నిలబడ్డాడో. నా వేలు ఇంకా గొట్టం మీదే ఉందని అప్పుడు చూసుకున్నాను, తీశాను, మిగిలిన నీళ్ళూ జారిపోయాయి, ఇక చెప్పడానికి అందులో ఏమీ లేదు. వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడు. ఆ చెప్పు మళ్ళీ విడిచాడు. తిరిగి వచ్చాడు. నన్ను దాటి, మొదటి మేకు పక్కన, తడి మట్టి మీద, చొక్కా కూడా చూసుకోకుండా బోర్లా పడుకున్నాడు. చెంప నేలకి ఆనించాడు. ఒక కన్ను మూశాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి వినపడటం ఆగింది.

"ఆ మూల ఎత్తుంది," అన్నాడు. "రెండు వేళ్ళు."

"మళ్ళీ నీళ్ళు పట్టి చూద్దామా?"

"నేను చెబుతున్నాగా. తవ్వు."

పార తీసుకుని ఆ మూలకి వెళ్ళాను. గోకినట్టు, పొర పొరగా తీస్తున్నాను. వాడు చెంప ఎత్తలేదు.

"శిక్షణ కేంద్రం వాళ్ళ నంబరు మీ మరదలు నీకిచ్చిందా?"

"ఇచ్చింది. ఫోనులో ఉంది. తెమ్మంటావా?"

"తర్వాత. ముందు ఇది కానియ్."

మా ఆవిడ గుమ్మంలోకి టీ పట్టుకుని వచ్చింది. "ఏమిటండీ, అన్నదమ్ములిద్దరూ కలిస్తే పక్కవీధి దాకా వినపడాలే, ఇవాళ చప్పుడే లేదు?" అంది. ఆవిడ నేల మీద పడుకున్న మరిదినీ, నన్నూ చూసి, గ్లాసులు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. టీ మీద ఆవిరి నిటారుగా లేస్తోంది. నేను తవ్వుతున్నాను. ఒక వేలు మందం పోయింది. ఆగి వాడి వైపు చూశాను.

"ఇంకా," అన్నాడు తమ్ముడు.

ఆ మాట వెనక 'అన్నయ్యా' వస్తుందేమోనని పార ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం విన్నాను. రాలేదు. తవ్వాను.